పంచితం చల్లని మూల

వాగ్దేవతకు వందనం. తలచిన మాట తలచినట్లే కలమునకు దిగివచ్చుగాక. గతించినవారి స్మృతికి ఈ వ్రాతవలన మాలిన్యమంటకుండుగాక. చైత్ర శుద్ధ త్రయోదశి, విజయనగరం.

నిన్న అపరాహ్ణవేళ మా పక్కింటివారు చాలాకాలంగా మూసి ఉంచిన గది తలుపులు తెరిచారు. పాత బీరువా ఒకటి బయటికి తీయించాలి, కాస్త దగ్గరుండి చూడమని నన్ను పిలిచారు. తలుపు తెరవగానే లోపలినుండి పిల్లి మూత్రపు ఘాటు ఒక్కసారిగా వెలువడింది. ఇంటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. బీరువా మోయవచ్చిన మనుషులు "అమ్మో, ఏటి కంపు!" అంటూ వెనక్కు జరిగారు. నేను మాత్రం గడపవద్దనే నిలిచిపోయాను. కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి. ఆ మూసిన రెప్పల వెనుక, భుజాన తడితువ్వాలుతో, ముక్కుపుటాలు కొద్దిగా విచ్చుకొని, వాసన వింటూ మా బావగారు నిలుచుని ఉన్నారు.

వాసన వినడమనే మాట వారిదే. మా అక్కయ్య భర్త ఆయన. ఫిడేలు విద్వాంసులు, ఇంటివద్దనే పిల్లలకు పాఠం చెప్పేవారు. వయస్సు మీదపడిన కొద్దీ చెవి మందగించింది. చెవి విడిచిపెట్టిన కొలువులో ముక్కు చేరిందని వారే హాస్యమాడేవారు. ఎవరింటికి వెళ్ళినా వెంటనే లోపల అడుగుపెట్టేవారు కారు. గడపవద్ద ఆగి, రెప్పలు వాల్చి, తంబురా శ్రుతిని సరిచూసుకొనే వానివలె ఒక దీర్ఘశ్వాస తీసేవారు. ఆ తరువాతనే తీర్పు. "మెంతులు మాడ్చావమ్మా. మళ్ళీ వేయించావు." "ఎవరో తడిబట్ట మడతపెట్టి పెట్టెలో పెట్టేశారు, చూసుకోండి." కొందరు ఇల్లాళ్ళు నవ్వేవారు, కొందరు నొచ్చుకొనేవారు, పెట్టె తెరిచి చూడనివారు మాత్రం లేరు.

దుర్వాసన అనే పదం వారి నోట నేనెన్నడూ వినలేదు. వారి దృష్టిలో ప్రతి వాసనకూ ఒక స్థాయి. తొలకరికి తడిసిన మట్టిది మంద్రస్థాయి. నేతిలో పొంగే ఇంగువది మధ్యస్థాయి. పిల్లి మూత్రానిది తారస్థాయి. "అక్కణ్ణించి పైకి పోడానికి మెట్టు లేదోయ్" అనేవారు కుడిచేతిని గాలిలో పైకి జరుపుతూ, ఫిడేలు తంత్రి చిట్టచివర వేలు ఆనించినట్లు.

ఆలయసేవ చేసిన వంశంలో పుట్టిన మనిషి. మడి వారికి ఊపిరి. పెరటిలో ఎత్తైన దండెంమీద కఱ్ఱతో ఆరవేసిన మడిపంచె మీద కాకి వాలిందంటే మళ్ళీ తడపవలసిందే. అటువంటి ఇంటిలో మా అక్కయ్య ఒక పిల్లిని చేరదీసింది. బూడిదరంగు ఒళ్ళు, తోక చివర చిటికెడు తెలుపు. సుందరి అని పేరు పెట్టింది. బావగారు ఆ పేరు పలికేవారు కారు.

"ఏవోయ్ బావమరిదీ! మీ అక్క పిల్లి నన్ను తాకిందోయ్. నీళ్ళు తోడు!" అని కేకవేసేవారు, నేను వీధి గుమ్మంలో కనబడగానే.

వంటింటిలోనుండి అక్కయ్య సమాధానం వచ్చేది. "అది తాకలేదురా. ఆయనే దాని దారికి అడ్డంగా కూచున్నారు."

"విన్నావా? నా ఇంట్లో దానికి దారిట!"

"దానికి స్నానం అక్కర్లేదు, శుభ్రంగా ఉంటోంది. మీకు రోజుకి ఇన్నిసార్లు ఎందుకో మరి!"

బావగారు నూతివైపు నడుస్తూ నవ్వు దాచుకొనేవారు. ఆ నవ్వు వీపువైపునుండి కూడా తెలిసేది. భుజాలు కదిలేవి.

ఒక శ్రావణ బహుళ నవమి నాడు మా అక్కయ్య వెళ్ళిపోయింది. నడవలో తూర్పుమూలగా ఆమెను పడుకోబెట్టిన చోట దీపం పెట్టారు. ఆ రోజులన్నీ పిల్లి ఆ దీపానికి ఎదురుగా ముందుకాళ్ళు మడుచుకొని కూర్చునేది. దానినెవరూ తరమలేదు. మైల తీరిన నాడు ఇల్లంతా కడిగి ఆవు పంచితం, అదే గోమూత్రం, చల్లి శుద్ధి చేశారు. ఆ మూలను మరికొంత శ్రద్ధగా. మఱునాటి ఉదయం ఆ మూల తడిసి ఉంది.

అంతవరకు ఆ పిల్లి ఇంటిలోపల ఎన్నడూ అటువంటి పని చేసి ఎరుగదు. పెరటిలో అరటిపాదు దాని చోటు. తవ్వుకొని, కూర్చొని, మన్ను కప్పి, చుట్టూ చూసి వచ్చేది. ఇప్పుడు ఆ మూలలో, ఆ గచ్చుమీద. బావగారి కోడలు కడిగింది. బావగారు స్నానం చేసి వచ్చి, మామిడాకుతో పంచితం చల్లారు. సాయంకాలానికి మళ్ళీ తడి. మళ్ళీ కడగడం, మళ్ళీ చల్లడం. పాతకాలపు సున్నపు గచ్చు, పగుళ్ళలోకి పీల్చుకున్నది విడిచిపెట్టదు. హేమంతం గడిచి ఎండలు మొదలయ్యేసరికి వీధిమలుపులోనే నాకు తారస్థాయి వినబడడం మొదలుపెట్టింది.

నా ఇల్లు రెండు వీధుల అవతల. మధ్యాహ్నం కునుకు తీసి వారి అరుగుమీదికి వెళ్ళి కూర్చోవడం నా అలవాటు. ఫాల్గుణంలో ఒకనాడు వెళ్ళేసరికి తండ్రీకొడుకులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. మా మేనల్లుడి చేతిలో ఖాళీ గోనెసంచి ఉంది.

"మావయ్యా, నువ్వైనా చెప్పు" అన్నాడు నన్ను చూసి. "ఆదివారం స్కూటరు మీద కొత్తవలస తీసుకుపోయి స్టేషను దగ్గర వదిలేస్తానంటున్నాను. అక్కడ చేపల బుట్టలు దిగుతాయి. హాయిగా బతుకుతుంది."

"రైళ్ళు తిరుగుతాయి కదరా అక్కడ" అన్నారు బావగారు.

"పిల్లికి రైలంటే తెలీదా నాన్నగారూ?"

"మీ అమ్మ ఒడి దిగితే ఈ గచ్చు. గచ్చు దిగితే అరటిపాదు. దానికింకేం తెలుసురా?"

లోపలినుండి కోడలు వచ్చింది. బడిలో పాఠాలు చెప్పే పిల్ల. గట్టిగా మాట్లాడే స్వభావం కాదు. ఆనాడు నేరుగా మామగారి ఎదుట నిలిచింది. "మావయ్యగారూ, నా వల్ల కావటం లేదండి. దండెం మీంచి చీర తీస్తే చీరకీ అదే వాసన. నిన్న స్టాఫు రూములో 'ఏటి టీచరుగారూ, మీ ఇంట్లో పిల్లుందా' అని అందరిముందూ అడిగారు. నేను లేదన్నాను. నాకు అబద్ధం ఆడాలనిపించలేదు, కానీ ఆడేశాను."

కొడుకు అన్నాడు, "అమ్మ సాంవత్సరికం వస్తోంది. ఈ వాసనలో భోక్తలు కూచుని తింటారా? మీరే చెప్పండి."

ఆ మాట వారికి తగలవలసిన చోట తగిలింది. ఆవిడ తిథినాడు ఆవిడ ఇంటిలో అన్నం ముట్టకుండా బ్రాహ్మణుడు లేచిపోవడమా? "సరే" అన్నారు. "సాంవత్సరికం లోపల ఈ మూల బాగుపడకపోతే దాన్ని తీసుకుపో. నేను అడ్డం చెప్పను." పిల్లి అప్పుడు కొడుకు కిందపెట్టిన గోనెసంచిలో దూరి, చుట్టూ తిరిగి, పడుకుంది. అది చూసి మేనల్లుడికే నవ్వు వచ్చింది.

ముందుగా పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాం. కోడలూ నేనూ వెంట ఉన్నాం. ఆటోలో, మూతబుట్టలో అది అరుస్తున్నంతసేపూ బావగారు బుట్టమీద చేయి వేసి ఉంచారు. మడిమనిషి చేయి అది. వైద్యుడు కుఱ్ఱవాడు, నెమ్మదస్థుడు. దాని పొట్ట నొక్కి చూశాడు, మూత్రం పరీక్ష చేయించాడు. రాళ్ళు లేవు, వాపు లేదు, రోగమేదీ లేదన్నాడు.

"ఇంట్లో ఏటైనా మార్పు వచ్చిందా సార్?" అని అడిగాడు.

బావగారు నేలవైపు చూశారు. "వచ్చింది" అన్నారు.

వైద్యుడు పిల్లిని మళ్ళీ బుట్టలోకి దించాడు. "ఆ చోటు ఏంతో కడుగుతున్నారండీ?" అన్నాడు.

"ఫినాయిలుతో సార్" అంది కోడలు.

"అది మానీండమ్మా. ఘాటుగా ఉన్నచోటుకే మళ్ళీ మళ్ళీ ఎల్తాది. పాత వాసన పూర్తిగా పోవాల. వెనిగరు నీళ్ళల్లో కలిపి కడగండి, తినేసోడా చల్లి ఆరనివ్వండి. అలాంటి ఘాటు ఇంకేదీ అక్కడ పడకుండా చూసుకోండి."

తలలూపి వచ్చాం. ఫినాయిలు మానేశారు. వెనిగరు సీసాను బావగారు వెలుగుకెత్తి, దేనిని పులియబెట్టి చేశారో అక్షరం అక్షరం చదివి, చివరకు దానిని పక్కనపెట్టి నిమ్మకాయలతో కడగమన్నారు. కోడలు కడిగింది. ఆరాక, యథాప్రకారం, బావగారు స్నానం చేసి వచ్చి పంచితం చల్లారు. ఏంతో కడుగుతున్నారని వైద్యుడు అడిగినప్పుడు మాలో ఎవరికీ అది స్ఫురించలేదు. కడగడం వేరు, శుద్ధి వేరు. మా పూర్వులకూ అలాగే తోచేది, మాకూ అలాగే తోచింది. పిల్లి మాత్రం మళ్ళీ వచ్చింది.

వైశాఖం వెళ్ళిపోయింది. మేనల్లుడు సంచి విషయం ఎత్తలేదు. దానిని మడతపెట్టి స్కూటరు పెట్టెలో ఉంచాడని నాకు తెలుసు, బావగారికీ తెలుసు. సాయంకాలాలు ఆయన ఫిడేలు తీసి, కమాను ఆనించకుండా వేళ్ళు మాత్రం తంత్రులమీద జరుపుతూ కూర్చునేవారు. పిల్లి కొంచెం దూరంలో కూర్చుని ఆ వేళ్ళనే చూసేది. శబ్దంలేని ఆ కచేరీలో నేను మూడవవాడిని. ఆయన ఏ రాగం వాయిస్తున్నారో చెప్పలేను. గాలి మందంగా ఉండేది. నిమ్మ, పిల్లి, పంచితం, దేవుడిగదిలోని కర్పూరం, అన్నీ కలిసి ఒక మగతగా కమ్మేవి. మేము ముగ్గురం ఎక్కడో అడుగున, నీళ్ళ లోపల కూర్చున్నట్లుండేది.

జ్యేష్ఠంలో పాలమనిషి పాలచెంబు ఒక్కటే పట్టుకొని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఊరి చివరి పల్లెనుండి పాలూ పంచితమూ తెచ్చే మనిషి ఆమె.

"బాబూ, మా ఆవు ఈనిసినాది. పెయ్య పుట్టినాది. బంగారంనాగున్నాది" అంది వెలిగిపోతూ.

"శుభమమ్మా. పంచితమేదీ?"

"పురుడు కదు బాబూ! పురిటావు పంచితం మీకు తెత్తే నాకు పాపం రాదా? పురుడు ఎల్లనీండి, తెత్తాను. పాలు మా తోడికోడలు ఆవువి, ఇవి పట్టండి."

"ఆవిడ ఆవు పంచితం తెస్తే?"

"ఆ ఆవు కసురుకుంతాది బాబూ. నన్ను దగ్గరికి రానీదు."

కోడలు అంగడిలో సీసాలో దొరుకుతుందని చెప్పింది. ఏ ఆవుదో, ఎన్నాళ్ళదో తెలియనిది వద్దన్నారు బావగారు. కనుక ఆ పురుటి రోజులలో ఆ మూలకు నిమ్మనీళ్ళే. ఆయన ఎంత బాధపడ్డారో నాకు తెలుసు. నడవలో నడిచేటప్పుడు ఆ మూలకు దూరంగా, గోడను రాసుకుంటూ వెళ్ళేవారు.

ఒకనాటి మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అరుగుమీద లేరు. లోపల నడవలో, ఆ మూల, మోకాళ్ళమీద వంగి, నుదురు గచ్చుకు తాకేటంతగా ముక్కును నేలకు ఆనించి ఉన్నారు. సాష్టాంగం చేస్తున్నారనుకున్నాను.

"ఏవోయ్, రా. నువ్వూ విను" అన్నారు తలెత్తకుండానే.

వంగాను. నిమ్మ. కొంచెం సున్నం. చల్లని రాయి. అంతే.

"పొడిగా ఉంది బావా!"

"కొన్నాళ్ళుగా పొడిగానే ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు, మీరంతా సంతోషిస్తే మళ్ళీ తడుపుతుందేమోనని." లేచి గోడకానుకొని కూర్చున్నారు. ముఖం తెల్లబడింది. "ఇక్కడ ఇన్నాళ్ళూ రెండు వాసనలుండేవి. ఒకటి దానిది. ఒకటి నాది."

"మీదేమిటి?"

"నేను చల్లింది. రెండూ ఒక జాతివేనోయ్, స్థాయి తేడా. ఇంత ముక్కున్నవాణ్ణి, రెండోదాన్ని వాసనగా లెక్కపెట్టలేదు. అది నాకు పవిత్రం కదా, ముక్కుదాకా రాలేదు." పిల్లివైపు చూశారు. అది గడపమీద పడుకొని తోక మాత్రం కదుపుతోంది. "మీ అక్క పడుకున్న చోటికి రోజూ ఏదో పెద్ద జంతువు వచ్చిపోతోందనుకుంది అది. దాన్ని రానివ్వకుండా ఆ చోటు కాపాడుకుంటోంది. ఆ జంతువుని రోజూ పొద్దున్నే స్నానం చేసి మరీ లోపలికి తీసుకొచ్చినవాణ్ణి నేను."

ఆ రోజు మొదటిసారి ఆయన "సుందరీ" అని పిలిచారు. అది రాలేదు. పిల్లి కదా.

పురుడు వెళ్ళాక పాలమనిషి చెంబునిండా పంచితంతో వచ్చింది. "వద్దమ్మా" అన్నారు బావగారు.

ఆమె బిత్తరపోయింది. "ఏటి బాబూ, నా ఆవు సేసిన తప్పేటి?"

"నీ ఆవు బంగారమే. ఆ చెంబు తీసుకెళ్ళి పెరట్లో అరటిపాదులో పొయ్యి. రోజూ అక్కడే పోసి వెళ్ళు."

"సెట్టుకేటి బాబూ శుద్ది?" అని నవ్వుకుంటూ పోసి వెళ్ళింది. మఱునాడు అరటిపాదులో పిల్లి మన్ను తవ్వుతుండగా కోడలు కిటికీలోనుండి చూసి, నోటికి చేయి అడ్డం పెట్టుకొని, ఇంటిల్లిపాదినీ పిలిచింది. ఒక పిల్లి తన పని తాను చేసుకోవడాన్ని మేము నలుగురం కిటికీ ఊచలు పట్టుకొని, ఉత్సవం చూసినట్లు చూశాం.

అయినా నేల వేడెక్కినప్పుడల్లా గచ్చులో ఇంకినది ఇంకా పలుకుతూనే ఉంది. బావగారు పెంకులు నేసేవానిని పిలిపించి, ఆ మూలకు సరిగ్గా పైన రెండు వరుసల పెంకులు తీయించారు. రోహిణికార్తె ఎండ ఆ రంధ్రంలోనుండి నిట్టనిలువుగా ఆ మూలపై దిగింది. నిమ్మనీళ్ళు, కుంకుడురసం, ఎండ. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఎండ. మధ్యాహ్నపు చీకటి నడవలో ఆ ఒక్క ఎండచాప పరచినట్లుండేది. పిల్లి దానితోపాటు జరుగుతూ పడుకొనేది. దుమ్ము కణాలు దానిపై బంగారంలా రాలేవి. తొలకరి రాకముందు అక్కడ అద్దపు పెంకులు వేయించారు, వాన రాకుండా, ఎండ పోకుండా.

సాంవత్సరికం నాడు అసలు పరీక్ష. పురోహితుడు బావగారికి చిన్ననాటి స్నేహితుడు, నిర్మొహమాటస్థుడు. విస్తళ్ళు ఆ నడవలోనే వేయాలి. నేల తుడిచి, "పంచితం ఏదీ?" అని చేయి చాపాడు.

"లేదు" అన్నారు బావగారు.

"లేదేవిటయ్యా? మనిషి పోయిన చోటు. ఏడాదిగా పిల్లి పాడుచేసిన చోటని ఊరంతా చెప్పుకుంటున్నారు. శుద్ధి లేకుండా భోక్తని కూచోబెట్టమంటావా?"

"ఎండా, గాలీ, మట్టీ, నీళ్ళూ కూడా శుద్ధి చేసేవే కదా. అన్నీ చేశాను. పుణ్యాహవాచనం నీళ్ళు చల్లు. పంచితం మాత్రం ఈ మూల పడనివ్వను."

"ఎందుకూ?"

"చల్లితే పిల్లి మళ్ళీ తడుపుతుంది. తడిపితే మావాడు దాన్ని కొత్తవలసలో వదిలేస్తాడు. అలా మాటయింది."

పురోహితుడు తెల్లబోయాడు. "పిల్లి కోసం ఆవిడ కార్యం పాడుచేస్తావా? పిచ్చెక్కిందేవిటయ్యా నీకు?"

కర్తగా తడిబట్టతో నిలబడిన మేనల్లుడు తండ్రివైపు చూశాడు. బావగారి గొంతు ఎన్నడూ లేనంత మెల్లగా వచ్చింది. "నువ్వు శాస్త్రం చదివినవాడివి, నేను వాయిద్యం వాయించేవాణ్ణి. నీతో వాదించను. ఆవిడ చివరిరోజుల్లో మంచినీళ్ళు కూడా నా చేత్తో ఇమ్మని అడగలేదు, నా మడి పాడవుతుందని. పిల్లిని పక్కలో పడుకోబెట్టుకుంది. ఆ వెచ్చదనం నేను ఇవ్వాల్సింది. చల్లాలనుంటే పంచితం నామీద చల్లు. నేల జోలికి వెళ్ళకు."

అంతవరకు గుమ్మంలో నిలబడిన భోక్త, ముసలాయన, లోపలికి వచ్చాడు. ఆ మూల దగ్గర ఆగాడు. ఆయన కూడా ఒకసారి గట్టిగా గాలి పీల్చాడు. "ఏ వాసనా లేదండీ" అన్నాడు. "పీట వెయ్యండి. నాకు ఆకలిగా ఉంది."

పురోహితుడు గొణిగి, గొణిగి, చివరకు కలశంలో మామిడాకు ముంచాడు. "దోషం ఉంటే అది నీ ఖాతాలోనే" అన్నాడు. బావగారు చేతులు జోడించారు. భోక్త కడుపునిండా తిన్నాడు. అద్దపు పెంకులగుండా దిగిన శ్రావణపు వెలుగు విస్తరిమీద పడింది. పిల్లి పెరటిగుమ్మంలో కూర్చుని ఉంది, లోపలికి రాలేదు. మేనల్లుడు తర్పణజలం విడిచేటప్పుడు ఒక్కసారి దానివైపు చూడడం నాకు కనబడింది. ఆ సాయంత్రం అతడు గోనెసంచిని పాలమనిషికి ఇచ్చేశాడు.

గత మాఘ బహుళ షష్ఠి నాడు బావగారు కాలం చేశారు. మైల తీరిన నాడు ఇంటిశుద్ధి కోడలు చెప్పిన ప్రకారం నీళ్ళతోనే జరిగింది. ఫాల్గుణ శుద్ధ విదియ నాడు ఆమెకు గజపతినగరం బదిలీ అయింది. పౌర్ణమి వెళ్ళాక వారు సామానుతో బయలుదేరారు. పిల్లిని వెంట తీసుకువెళ్ళారు.